మూసిన తలుపు

యేసు నిజంగా బతికాడనడానికి చరిత్రలో ఏం ఆధారాలున్నాయో చెప్పే పుస్తకం చదువుకుంటూ, లక్సెట్టిపేట బస్సులో ఒంటరిగా వెళ్తున్నాను. పక్కసీటు పెద్దామె అదేం పుస్తకమని అడిగితే చెప్పాను.

"కాయితాల్ల దొరికితేనే నమ్ముతవా బిడ్డా?" అంది. గొంతు తగ్గించింది. "నలభై ఏండ్లాయె నేను యేసును నమ్ముకొని. కులం సర్టిఫికెట్ల మాత్రం హిందువునే. గట్లుంటేనే ఎస్సీ సీటుకు సర్పంచుగ నిలబడనిస్తరు. నిలబడ్డ, గెలిచిన. ఎవలన్న కేసేస్తరని ఐదేండ్లు చర్చికి పోలే. ఇంట్ల తలుపు పెట్టుకొని ఒక్కదాన్నే ప్రార్థన జేసిన."

"ఇప్పుడు వెళ్తున్నారా?"

"పోతున్న. ఎనక కూసుంట. పదవి కోసం యేసును ఇడిసిందని ఎవలు పలుకరియ్యరు."

తన ఊరు రాగానే దిగిపోయింది. పుస్తకం మళ్లీ తెరిచాను, చదవబుద్ధి కాలేదు. ఆ ఐదేళ్ల ప్రార్థనకు ఎక్కడా ఏ ఆధారమూ ఉండదు. నేను మాత్రం నమ్మాను.