ముందు మావయ్యకి, తర్వాత మెరుపుకి

మా మావయ్య కుక్కకి ఏది పెట్టాలన్నా ముందు తన మీద పరీక్షించుకుంటాడు. తిండి, మందు, సబ్బు, మెడపట్టీ, పరుపు, ఏదైనా సరే. ఆయన సరేనన్నాకే అది కుక్క దాకా వెళుతుంది. మనిషిలో ఉన్న తేడా ఇదొక్కటే. కానీ ఉన్నది ఒక్కటే అయినా నలుగురికి పంచేంత ఉంది.

కుక్క పేరు మెరుపు. ఆ పేరు పెట్టినప్పుడు దానికి రెండు నెలలు, ఇల్లంతా దూకేది. ఇప్పుడు పిలిస్తే ఒక కన్ను తెరుస్తుంది. విషయం ముఖ్యమైనదనిపిస్తే రెండో కన్ను కూడా తెరుస్తుంది. లేవాలా వద్దా అన్నది ఆ తర్వాత ఆలోచిస్తుంది. నేను కాలేజీ మధ్యలో మానేసి ఆ ఇంట్లో దిగాను. వేరే పనేమీ లేదు కాబట్టి వీళ్లిద్దరినీ దగ్గరుండి చూశాను.

మొదటిసారి మావయ్యతో కుక్కల సామాన్ల షాపుకి వెళ్లినప్పుడు ఆయన ఒక ప్యాకెట్ విప్పి, రెండు గింజలు నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని నమిలాడు.

"సార్, అది కుక్కలకండీ," అన్నాడు షాపువాడు కంగారుగా.

"తెలుసు. కొంచెం మెత్తబడింది. డబ్బా మూత సరిగ్గా పెట్టట్లేదా?"

"ఇన్నేళ్లలో ఒక్క కుక్క కూడా ఆ మాట అనలేదు సార్."

"అనలేదు కదా అనే నీకింత ధైర్యం. కొత్తది తియ్యి."

నులిపురుగుల మాత్ర చిన్న ముక్క నాలిక మీద పెట్టుకుని అరగంట మాట్లాడలేకపోయాడు. ఆ తర్వాత నుంచీ మెరుపుకి మాత్ర గుడ్డులో దాచి పెట్టడం మొదలైంది. పిడుదుల షాంపూతో తలంటుకుని ఆఫీసుకి వెళితే, పక్క సీటు గుమాస్తా రోజంతా కిటికీ తెరిచి కూర్చున్నాడు.

ఆఫీసంటే తపాలా ఆఫీసు. మావయ్యది స్టాంపుల కౌంటరు. ఒకసారి మెరుపు కాలి మీద పుండుని నాకుతోందని కుక్కల డాక్టరమ్మ దాని మెడకి తగిలించడానికి ప్లాస్టిక్ గరాటు ఇచ్చింది. మర్నాడు ఆ గరాటు మావయ్య మెడలో ఉంది. మనిషి కౌంటరు వెనక. ముందు పదిమంది వరస.

"ఏమైంది నాయనా? ఏం జబ్బు?" అంది వరసలో మొదటి ముసలావిడ.

"నాకేం లేదమ్మా. మా కుక్కకి."

"మరి నీకెందుకు కట్టారు?"

"ఎడమ చెవి దగ్గర గీసుకుంటోందమ్మా. ఇదిగో, మీరే చూడండి."

పోస్టుమాస్టరు వచ్చాడు. "అయ్యా, అది తీస్తారా, సెలవు పెడతారా?"

"భోజనం దాకా ఉండనివ్వండి సార్. దీంతో నీళ్లు తాగడం కుదురుతుందో లేదో తేలాలి."

కుదరలేదు. చొక్కా తడిసింది. ఆ సాయంత్రం మావయ్య గరాటు అంచుకి మెత్తటి గుడ్డ కుట్టి, మెరుపు నీళ్ల గిన్నెని రెండు ఇటుకల మీదికి ఎత్తాడు.

ఇలా నవ్వుకుంటూ రోజులు గడుస్తుండగా మెరుపు వెనక కాలు నేల మీద మోపడం మానేసింది. డాక్టరమ్మ మోకాలు నొక్కి చూసి, "లోపల కీలుని పట్టి ఉంచే నరం తెగింది. ఆపరేషన్ చెయ్యాలి. కానీ ఇది ఇరవై నాలుగు కిలోలుంది. ఇంత ఒళ్లు మీద మత్తుమందు ఇవ్వాలంటే నాకే భయం. రెండు నెలల్లో మూడు కిలోలు తగ్గించండి. మరీ ఆలస్యమైతే కాలు బిగుసుకుపోతుంది, తర్వాత ఆపరేషన్ చేసినా నడవలేదు," అంది.

అత్తయ్య ఆ రోజు ఏమీ తినలేదు. ఒకప్పుడు రోడ్డు పక్క కాలవలోంచి దాన్ని తీసి, చేతిసంచిలో వేసుకుని ఇంటికి తెచ్చింది ఆవిడే.

మర్నాటి నుంచి మెరుపుకి ఉప్పు లేకుండా ఉడికించిన గుమ్మడికాయ, కాస్త కోడిమాంసం, కొలిచి రెండు పూటలా. మావయ్యకీ అదే. "ఆకలేస్తుందా లేదా తెలియొద్దూ?" అంటాడు. ఇద్దరూ వంటింటి గుమ్మం దగ్గర గిన్నెలు ముందు పెట్టుకుని కూర్చునేవాళ్లు. గిన్నె నాకడం ఒక్కటే మావయ్య చెయ్యలేదు. అది కూడా అత్తయ్య ఇంట్లో ఉన్నప్పుడు.

ప్రతి ఆదివారం బరువు చూడాలి. మెరుపు మిషను మీద నిలబడదు. కూర్చుంటుంది, కూర్చుంటే సగం కుక్క బయటికి కారిపోతుంది. అందుకని మావయ్య దాన్ని ఎత్తుకుని ఎక్కేవాడు. ఇద్దరి బరువులోంచి తన ఎనభై తీసేసేవాడు. మొదట్లో నూట నాలుగు. తర్వాత నూట మూడు. నెలకి నూట రెండు.

"ఇది తగ్గినట్టు లేదండీ. మీరే పీక్కుపోయారు," అంది అత్తయ్య.

"నీది కంటి చూపు. నాది లెక్క," అన్నాడు మావయ్య, జారిపోతున్న ప్యాంటు పైకి లాక్కుంటూ.

ఇక్కడ నా సంగతి చెప్పేయాలి. సాయంత్రాలు నేను మెట్ల మీద కూర్చుని క్రీమ్ బిస్కెట్లు తినేవాణ్ణి. మెరుపు వచ్చి పక్కన కూర్చుని నా మొహం కేసి చూసేది. నన్ను ఏ ప్రశ్నా అడగకుండా చూసేది ఆ ఇంట్లో అదొక్కటే. ఒక బిస్కెట్ పెట్టాను. తర్వాత రెండు. ఆదివారం బరువు తగ్గింది. బిస్కెట్లు పెంచాను. ఇంకా తగ్గింది. కుక్కలు క్రీమ్ బిస్కెట్లకి చిక్కిపోతాయని నేను కనిపెట్టినట్టే అనుకున్నాను. చదువు మానేసినవాడి శాస్త్రజ్ఞానం అంతే ఉంటుంది.

రెండు నెలలకి మిషను వంద చూపించింది. "ఇరవై! మూడు అడిగితే నాలుగు తగ్గించాం!" అని మావయ్య ఊగిపోయాడు. విజయయాత్రలా ముగ్గురం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. అత్తయ్య స్కూల్లో ఉంది.

డాక్టరమ్మ బరువు చూసే బల్ల మీద అంకె వెలిగింది. ఇరవై అయిదు.

"మీ మిషను పాడైంది," అన్నాడు మావయ్య.

"మీరెక్కండి."

మావయ్య ఎక్కాడు. డెబ్బై అయిదు.

ఆ ఎనభై మొదటి రోజు అంకె. రెండు నెలలు గుమ్మడికాయ తిన్న మనిషి తన బరువు మళ్లీ చూసుకోవాలనుకోలేదు. తగ్గిందంతా ఆయనే.

"మీకు ఆపరేషన్ చెయ్యమంటే ఇప్పుడే చేసేస్తాను," అంది డాక్టరమ్మ. తర్వాత గొంతు మారింది. "ఎవరో దీనికి చాటుగా పెడుతున్నారు. ఇంకో రెండు నెలలు చూస్తాను. అంతకు మించి కాలు ఆగదు."

మెరుపు ఆ క్షణంలోనే నా ప్యాంటు జేబులో ముక్కు దూర్చింది. మావయ్య చూశాడు. దాన్ని ఎత్తుకుని బయటికి నడిచాడు.

ఇంటి మెట్ల దగ్గరికొచ్చేసరికి లోపల అత్తయ్య గొంతు వినిపించి నా కాళ్లు ఆగిపోయాయి. అత్తయ్య స్కూల్లో డ్రిల్లు టీచరు. ఆవిడ గొంతుకి ఈల అక్కర్లేదు. అది ఒక ఎత్తు. ఆవిడ కుక్క కాలు నా వల్ల పోతుందేమోనన్నది ఇంకో ఎత్తు.

"ఆగరా," అన్నాడు మావయ్య. "ముందు నేను వెళ్లొస్తా."

లోపలికెళ్లాడు. వీధి చివర ఇస్త్రీ చేసేవాడు కూడా పెట్టె పక్కన పెట్టి విన్నాడు. పావుగంటకి మావయ్య బయటికొచ్చాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

"చూశాన్రా. తట్టుకోవచ్చు. మొదటి అయిదు నిమిషాలూ మంట. 'బుద్ధుందా' దగ్గర ఊపిరి బిగబట్టు, దాటిపోతుంది. చివర్లో ఏడుస్తుంది. అక్కడ మాత్రం నోరెత్తకు, పక్కన కూర్చో."

"నేనే పెట్టానని చెప్పావా?"

"లేదు. లెక్క నేను తప్పానని చెప్పాను. నీది నువ్వే చెప్పుకోవాలి. ముందు చూసిపెట్టడం వరకే నా పని."

"నాకెందుకు చూసిపెట్టడం? నేనేమైనా కుక్కనా?"

"పాపం, దానికి చేదో కారమో చెప్పడం రాదు, అందుకని చూస్తాను. నీకొచ్చా? వచ్చి ఆర్నెల్లయింది. కాలేజీ ఎందుకు మానేశావో ఒక్కరికైనా చెప్పావా? అది నయం, తోకైనా ఊపుతుంది. పద."

వెళ్లాను. మావయ్య చెప్పినట్టే జరిగింది, ఒక్క నిమిషం కూడా తేడా లేదు. 'బుద్ధుందా' దగ్గర ఊపిరి బిగబట్టాను. చివర్లో పక్కన కూర్చున్నాను. అత్తయ్య ముక్కు తుడుచుకుని, "రేపట్నుంచి నీకూ గుమ్మడికాయే," అంది. అలాగే కూర్చుని కాలేజీ సంగతి కూడా చెప్పేశాను. ఎలాగూ తిట్లు మొదలయ్యాయి కదా, ఒకేసారి అయిపోతుందని. దానికి మాత్రం ఆవిడ తిట్టలేదు.

రెండు నెలలు ముగ్గురం గుమ్మం దగ్గర కూర్చుని తిన్నాం. ఈసారి బరువు డాక్టరమ్మ బల్ల మీదే చూశాం. ఇరవై ఒకటి. ఆపరేషన్ రోజు పొద్దున్న మావయ్య ఆపరేషన్ బల్ల ఎక్కి వెల్లకిలా పడుకున్నాడు.

"దిగండి బాబూ, టైమవుతోంది."

"చల్లగా ఉంది డాక్టరమ్మా. వెన్ను జివ్వుమంటోంది."

డాక్టరమ్మ ఏదో అనబోయి ఆగి, తనూ బల్ల మీద చెయ్యి పెట్టి చూసి, లోపల్నుంచి దుప్పటి తెప్పించి పరిచింది.

కట్టు విప్పాక మెరుపు మోకాలిని రోజూ పదిసార్లు వంచి చాపించమన్నారు. ఆ పని నాకు ఇచ్చారు. మావయ్య ముందు తను పడుకుని కాలు చాపాడు. నాకు చేతకాదు కాబట్టి గట్టిగా వంచాను. మూడోసారికి పళ్లు బిగించాడు. ఏడోసారికి, "మెల్లిగారా నాయనా," అన్నాడు. మెరుపుకి మొదటిసారి నుంచే మెల్లిగా వంచాను.

ఇప్పుడది వీధి చివరిదాకా పరిగెత్తి వస్తోంది. మావయ్యే కొంచెం కుంటుతున్నాడు.