పాపయ్య అనుమానం

అనుమానం పెనుభూతమంటారు. మా పాపయ్య ఆ భూతాన్ని నెత్తిన పెట్టుకునే ముప్పయ్యేళ్లు వెల్డింగ్ చేశాడు. ఇంట్లో ఆయన భార్య రామక్క మిక్సీ జార్లో చెయ్యి పెడితే చాలు, గోడకున్న ప్లగ్గు పీకి ఒళ్లో పెట్టుకునేవాడట. "ఈయప్పతో వేగేదానికంటే రోట్లో రుబ్బుకునేది మేలు" అని ఆమె నవ్వేది.

తొంభై తొమ్మిదిలో యలహంక దగ్గరి మా షెడ్డుకి వెల్డింగ్ రోబో వచ్చింది. స్కూటర్ ఫ్రేముల పని. నలుగురు చేసేది అదొక్కటే చేసేది, అలుపన్నది లేదు. ఫ్రేము ముక్క కాస్త పక్కకు జరిగితే మాత్రం ఉత్త గాలికి వెల్డింగ్ పెట్టేది. "కన్నుండాది గానీ చూపు లేదప్పా దీనికి" అనేవాడు పాపయ్య.

దాని చుట్టూ కంచె, కంచె తలుపుకో ప్లగ్గు, అది దూరే సాకెట్ పక్క స్తంభానికి. ప్లగ్గు పీకితేనే తలుపు తెరుచుకుంటుంది, రోబోకి కరెంటు ఆగుతుంది. మళ్లీ నడవాలంటే పది నిమిషాలు. అంత ఓపిక ఎవరికుంది? తలుపుకున్న అసలు ప్లగ్గు మాయమై, సాకెట్లోకి ఇంకో ప్లగ్గు వచ్చి కూర్చుంది. ఇక తలుపు తెరిచినా రోబోకి మూసినట్టే లెక్క. అదెవరు పెట్టారని ఎవరూ అడగలేదు.

ఆయుధపూజ వచ్చింది. రోబోని నడిపేవాణ్ణి కాబట్టి దానికి దండ వెయ్యాల్సింది నేనే. అది మెడ వంచుకుని కదలకుండా ఉంది. తలుపు తెరిచాను.

"ఆగు నాగరాజూ!" పాపయ్య నా చొక్కా పట్టుకున్నాడు. "అది ఆఫయి ఉండాదా, ముక్క కోసం కాచుకోనుండాదా?"

"నిలబడే ఉండాది కదన్నా."

"కొంగ కూడా నిలబడే ఉంటాది."

"మంచి గడియ దాటిపోతా ఉండాది పాపయ్యా" అని ఓనరు రాజగోపాల్ విసుక్కున్నాడు. అందరూ నవ్వారు. పండగపూట ఇంతమందిలో చొక్కా పట్టుకు లాగుతాడా అని నాకు ఒళ్లు మండింది.

పాపయ్య నన్ను వెనక్కి లాగి తలుపు మూశాడు. దిష్టికి తెచ్చిన బూడిద గుమ్మడికాయ ఎత్తుకుని, మేం బయటినుంచి ముక్కలు అందించే కిటికీలోంచి బల్లమీదికి దొర్లించాడు. బల్ల దగ్గరి ఎలక్ట్రిక్ కన్ను దాన్నే ముక్క అనుకుంది. రోబో చెయ్యి ఒక్క ఊపున దిగింది. కాయ పగిలి, లోపల నింపిన కుంకుమ తెల్లటి గుజ్జు మీద చిందింది. దండ వెయ్యడానికి నేను వంగాల్సిన చోటు అది.

పాపయ్య ఎర్ర బటన్ కొట్టి దాన్ని ఆపాడు.

"సాకెట్లో ఆ దొంగ ప్లగ్గు పెట్టిందెవడ్రా?" ఓనరు అరిచాడు. పది నిమిషాలు పని ఆగితే అరిచేదీ ఈయనే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి అసలు ప్లగ్గున్న జేబు మీదికి పోయింది. పాపయ్య చూశాడు. ఓనరుకి మాత్రం చెప్పలేదు.

సాయంత్రం ఆ దొంగ ప్లగ్గు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇంటికి తీసుకోనిపో. దీన్ని పెట్టిందెవురో నీ పెండ్లానికి చెప్పు."

తొమ్మిదేళ్లయింది. వరూధినికి ఇంకా చెప్పలేదు. ఆమె మిక్సీలో చెయ్యి పెడితే మాత్రం ప్లగ్గు పీకి ఒళ్లో పెట్టుకుంటాను.