శ్రీహరిరావు గారి నాలుగు హెడ్‌ఫోన్లు, ఆసుపత్రిది ఒకటి

2008 వేసవిలో నేను గుంటూరులోని ఒక ఆసుపత్రి చెవి, ముక్కు, గొంతు విభాగంలో ఆడియోమెట్రీ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. హోదా ప్రకారం డాక్టర్లకు కింద, నర్సులకు పక్కన. ఎవరు ఎవరికి టీ తెప్పించాలన్నది నేను రిటైరయ్యేదాకా తేలలేదు. మనిషికి ఏ స్థాయి దగ్గర ఎంత చిన్న శబ్దం వినపడుతుందో కొలిచి గ్రాఫ్ గీయడం నా పని. రోగులు నన్ను చెవుల మేడం అనేవారు. ఇన్నేళ్ళు చెవిటివాళ్ళ మధ్య పనిచేసింది కదా, అరిచి మాట్లాడేవాళ్ళంటే ఈవిడకు చిరాకు ఉండదని అందరూ అనుకునేవారు. ఉంది.

ఆ మే నెలలో మా విభాగాధిపతి నన్ను మార్టూరు వెళ్ళి రమ్మన్నారు. అక్కడ గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ నడిపే శ్రీహరిరావు గారు ఆయనకు తెలిసినవారు. ఆ యూనిట్‌లో యేసుదాసు అనే పాత ఆపరేటర్ క్రేన్‌తో రాతిపలక దించుతుంటే వెనకనుంచి యజమాని ఆపమని కేకేశారు. అతను ఆపలేదు. పలక గోడకు తగిలి రెండు ముక్కలైంది. వినపడలేదని యేసుదాసు అన్నాడు. వినపడనట్టు నటిస్తున్నాడని యజమాని అన్నారు. పనిలోంచి తీసేయబోతుంటే ఊళ్ళో పాస్టరుగారు మధ్యలోకి వచ్చి, ముందు చెవులు పరీక్ష చేయించమన్నారు. నిజంగా చెవుడైతే వేరే పని చూపిస్తానని, నటన అయితే ఆ రోజే పంపించేస్తానని శ్రీహరిరావు గారు అందరి ముందు మాటిచ్చారు. అంటే నేను రాసే కాగితం మీద ఒక మనిషి అన్నం ఆధారపడి ఉంది.

మామూలుగా రోగే ఆసుపత్రికి రావాలి. కానీ మా పరీక్ష గదికి ఆనుకుని జనరేటర్ షెడ్ ఉండేది. శ్రీహరిరావు గారింట్లో పాటలు వినడానికి కట్టించుకున్న సౌండ్‌ప్రూఫ్ గది ఉందనీ, అది మన గదికన్నా నయమనీ మా విభాగాధిపతి అన్నారు. ఈ మాట ఆయన ఏమాత్రం సిగ్గుపడకుండా అన్నారు. నేను పోర్టబుల్ ఆడియోమీటర్‌ను ఒళ్ళో పెట్టుకుని ఒంగోలు బస్సెక్కి మార్టూరులో దిగాను.

వెళ్ళిన రోజు పరిశ్రమలకు కరెంటు సెలవు. షెడ్డులో మిషన్లన్నీ ఆగి ఉన్నాయి. అయినా అక్కడ అందరూ అరుచుకుంటూనే మాట్లాడుకుంటున్నారు. శ్రీహరిరావు గారు యాభై అయిదేళ్ళ మనిషి. కుర్రతనంలో వేరేవాళ్ళ యూనిట్‌లో యేసుదాసుతో కలిసి ఒకే మిషన్ మీద పనిచేసి, పైకొచ్చి, సొంత యూనిట్ పెట్టుకున్నారు. పద్యనాటకాలంటే ప్రాణం. పరిషత్తు పోటీలకు న్యాయనిర్ణేతగా పిలుస్తారని మొదటి అయిదు నిమిషాల్లోనే చెప్పారు. ఇల్లు షెడ్డు వెనకే.

"వీడికి వినపడకపోవడమేంటి మేడంగారూ! బోనస్ మాటెత్తితే గేటు కాడ నుంచి కూడా వినపడుద్ది!" అన్నారు, యేసుదాసు పక్కనే ఉండగా.

యేసుదాసు ఆయన పెదాలవంక చూస్తూ నిలబడ్డాడు.

పరీక్ష విధానం ఇది. రోగికి హెడ్‌ఫోన్ పెట్టి, ఒక్కొక్క స్థాయిలో కూత వినిపిస్తాం. స్థాయిని హెర్ట్జ్‌లలోనూ, గట్టిదనాన్ని డెసిబెల్‌లలోనూ లెక్కిస్తాం. వినపడితే చెయ్యెత్తాలి. శబ్దం తగ్గిస్తూ, పెంచుతూ, ఏ అంకె దగ్గర వినికిడి మొదలవుతుందో గుర్తిస్తాం. ఇరవై అయిదులోపు ఉంటే మామూలు చెవి, అంకె పెరిగేకొద్దీ గ్రాఫ్‌లో గీత కిందికి దిగుతుంది. యేసుదాసుకు లావు శబ్దాలు మామూలుగానే వినపడ్డాయి. హెర్ట్జ్‌లు పెరిగి సన్నటి కూతల దగ్గరికొచ్చేసరికి గ్రాఫ్ దిగుతూ పోయి, నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర డెబ్బైకి పడింది. ఆ లోయ మోతలో పనిచేసినవాళ్ళ సంతకం లాంటిది. వాళ్ళకు మాట వినపడుతుంది, మాటలోని సన్నటి అక్షరాలు వినపడవు. బోనస్ వినపడి 'ఆపు' వినపడకపోవడానికి ఇందులో వింతేమీ లేదు. ఎదురుగా ఉంటే పెదాలు చూసి పూరించుకుంటారు, వెనకనుంచి పిలిస్తే పలకరు.

నటనేమో చూడడానికి పరీక్ష మళ్ళీ చేస్తాం. అబద్ధం రెండోసారి అదే ఎత్తులో రాదు. యేసుదాసు గ్రాఫ్ రెండోసారి గీస్తే మొదటిదాని మీద అతికినట్టు వచ్చింది. నా వరకు పని అయిపోయింది. కాగితం తీశాను.

శ్రీహరిరావు గారు ఒప్పుకోలేదు. నా హెడ్‌ఫోన్‌ను వేలితో ఎత్తి చూసి, ఇది ఏనాటిదని అడిగారు. అద్దాల బీరువా తెరిచి తన నాలుగింటినీ బల్లమీద పెట్టారు. ఇంత డొక్కు దాంతో కొలిస్తే ఎవరైనా చెవిటివాడే అవుతాడని, వీటితో కొలిచి చెప్పమని పట్టుబట్టారు. నాకు కోపం వచ్చింది. కానీ ఆ నాలుగింటినీ చూశాక, నిజం చెప్పాలంటే, కోపంకన్నా ఆశ ఎక్కువైంది. నా జీతానికి అలాంటివాటిని పుస్తకాల్లో చూడడమే.

హెడ్‌ఫోన్‌లో శబ్దం పుట్టించే భాగాన్ని డ్రైవర్ అంటారు. ఆయన దగ్గర నాలుగు రకాల డ్రైవర్లున్నాయి. మొదటిది డైనమిక్. అయస్కాంతం, తీగచుట్ట, దానికి అతికిన పొర. మైకుసెట్టు స్పీకర్ ఎలా పనిచేస్తుందో ఇదీ అంతే. మా ఆసుపత్రిదీ ఈ జాతే, కాకపోతే పేద చుట్టం. రెండోది చెవిలో దూర్చుకునే చిన్న ఇయర్‌ఫోన్. అందులో బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ ఉంటుంది, అంటే అయస్కాంతాల మధ్య వణికే చిన్న ఇనుప నాలుక. మూడోది ప్లానార్. అప్పడమంత పల్చటి పొర మీద తీగను ముగ్గులా పరుస్తారు, పొర మొత్తం ఒకేసారి కదులుతుంది. అది జపాన్‌నుంచి ఎవరిచేతో తెప్పించిన సెకండ్‌హ్యాండ్ సరుకు. నాలుగోది ఎలక్ట్రోస్టాటిక్. రెండు చిల్లుల పలకల మధ్య ఉల్లిపొరకన్నా పల్చటి పొర, దానికి హై వోల్టేజీ ఇచ్చే వేరే పెట్టె. శ్రీహరిరావు గారు ఆ పెట్టెను ఆన్ చేసి, వేడెక్కాలని మమ్మల్ని కాసేపు ఆగమన్నారు.

ఆ కాసేపట్లో ఒక పాత పద్యం రికార్డింగును నాలుగింటిలోనూ నాకు వినిపించారు. డైనమిక్‌లో హార్మోనియం నిండుగా ఉంది, తబలా గుండెకు తగిలింది. ఆర్మేచర్‌లో తబలా సన్నబడింది గానీ గొంతు, అక్షరం కోసినట్టు వచ్చాయి. ప్లానార్‌లో ఏదీ మరొకదాన్ని తొక్కలేదు. ఎలక్ట్రోస్టాటిక్‌లో పద్యం ఎత్తుకోబోయే ముందు నటుడు పీల్చిన ఊపిరి వినపడింది. నాకు ఒళ్ళు జలదరించింది. ఆ సంగతి చెబితే శ్రీహరిరావు గారు అయోమయంగా చూశారు. ఊపిరా, అన్నారు. అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఒక్కటే లోపమన్నారు. నాలుగింటిలోనూ నటుడు 'స'లూ 'శ'లూ మింగేస్తున్నాడట. ఒకదాంట్లో సరిగా రాలేదని ఇంకొకటి కొంటూ పోయారు. లోపం క్యాసెట్‌లోనే ఉండి ఉంటుందని తేల్చుకున్నారు.

నేను యేసుదాసు వైపు చూశాను. తర్వాత ఆయన వైపు చూశాను. మా వృత్తిలో గ్రాఫ్ గీయకుండా మాట్లాడకూడదు.

ఆడియోమీటర్‌లోని అంకెలు దానికి జత చేసిన హెడ్‌ఫోన్‌కే వర్తిస్తాయని వివరించాను. వేరేది తగిలిస్తే ముందు మామూలుగా వినపడే ఒక మనిషి చెవితో సరిచూసుకోవాలి. ఆ చెవికి ఎక్కడ వినపడితే అదే మన సున్నా. రోజూ పొద్దున్నే ఆసుపత్రిలో ఒక కుర్ర నర్సు చెవితో చేసేది ఇదే. యాభై దాటిన చెవి అందుకు పనికిరాదు కనుక నాది కుదరదని చెప్పాను.

"నాది పెట్టండి. నా చెవులకేం? పద్యంలో శ్రుతి తప్పితే మూడో వరసలోంచి లేచి చెప్తా," అన్నారు.

వయసు లెక్కన ఆయనదీ కుదరదన్నాను. వినిపించుకోలేదు. కూర్చోబెట్టాను. ముందు మా ఆసుపత్రి హెడ్‌ఫోన్. లావు శబ్దాలకు టక్కున చెయ్యెత్తారు. నాలుగు వేల దగ్గర చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది. అరవై అయిదుకు లేచింది.

"ఇక్కడ మీ మిషన్ పాడైంది," అన్నారు.

సరేనని ఆయన హెడ్‌ఫోన్లను ఒక్కొక్కటే తగిలించాను. జాక్‌లు కుదరడానికి కొంత తంటా పడ్డాం. అంకెలు కాస్త అటూ ఇటూ మారాయి, లోయ మాత్రం నాలుగింటిలోనూ అక్కడే పడింది. అయిదు హెడ్‌ఫోన్లు, నాలుగు రకాల డ్రైవర్లు, అన్నీ ఒకే చోట పాడయ్యాయి. ఆడలేక మద్దెల ఓడన్నారని సామెత. ఇక్కడ అయిదు మద్దెలలు.

అప్పుడు ఆయన గ్రాఫునూ యేసుదాసు గ్రాఫునూ పక్కపక్కన పెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. మీ చెవి మామూలైతే యేసుదాసు చెవీ మామూలే. అలాగే రాస్తాను, నటించాడని మీరు పంపించేయవచ్చు. కానీ దేన్ని ప్రమాణంగా తీసుకున్నానో కాగితంలో రాయడం నియమం కాబట్టి, కింద మీ గ్రాఫ్ జతచేస్తాను.

ఆయన తప్పకుండా రాయమన్నారు. యేసుదాసుకు ఎంత అర్థమైందో తెలియదు గానీ, భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

అప్పుడే వంటమనిషి హుసేన్‌బీ మజ్జిగ గ్లాసులతో లోపలికొచ్చింది. ముప్పై ఏళ్ళలోపు మనిషి. షెడ్డు వైపు ఎప్పుడూ వెళ్ళదట, రాతిపొడికి దగ్గొస్తుందని. ప్రమాణానికి ఇంతకన్నా మంచి చెవి ఆ చుట్టుపక్కల దొరకదు. ఒక్క నిమిషం కూర్చోమన్నాను. మా పాత హెడ్‌ఫోన్ పెట్టాను. నాలుగు వేల దగ్గర తగ్గిస్తూ పోయాను. అరవైకి చెయ్యెత్తింది. నలభైకి ఎత్తింది. ఇరవైకి ఎత్తింది.

"ఇంకా కూస్తానే ఉందమ్మా. పిట్ట మాదిరి," అంది. పది దగ్గర ఆపింది.

శ్రీహరిరావు గారు తన ఎలక్ట్రోస్టాటిక్ తీసి ఆమె తలకు ఆయనే తొడిగారు. పద్యం పెట్టారు. 'స'లు వినపడుతున్నాయా అని అడిగారు. శుభ్రంగా అంటున్నాడయ్యా అని ఆమె చెప్పింది. ఆయన హెడ్‌ఫోన్ తీసి యేసుదాసుకు పెట్టి మళ్ళీ మొదటినుంచి వినిపించారు.

"మింగేస్తన్నాడయ్యా!" అన్నాడు యేసుదాసు, గది దద్దరిల్లేలా.

"అదేగదరా నేను చెప్పేది!" అని ఆయన అంతకన్నా గట్టిగా అన్నారు. అని, ఆగిపోయారు.

ఆ ఇద్దరూ ఒక విషయం మీద ఏకాభిప్రాయానికి రావడం చాలా ఏళ్ళ తర్వాత అదే మొదటిసారట. హుసేన్‌బీ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు, జాలేసింది. శ్రీహరిరావు గారు నాలుగు హెడ్‌ఫోన్లనూ వైర్లు చుట్టి బీరువాలో పెట్టారు. ఒక్కొక్కటీ పెడుతూ కాసేపు చూశారు. ప్రమాణం కింద ఎవరి పేరు రాస్తున్నారని అడిగారు. హుసేన్‌బీ అన్నాను. సరేనన్నారు. యేసుదాసుకు మోతవల్ల వచ్చిన వినికిడి లోపం ఉంది, నటన కాదు అని రాసి సంతకం చేశాను. ఆయన గ్రాఫ్‌ను మడిచి ఆయన చేతికే ఇచ్చాను.

తర్వాత షెడ్డులో పనివాళ్ళకు చెవులు కప్పే మఫ్‌లు తెప్పించారని విన్నాను. హెడ్‌ఫోన్‌లాగే ఉంటాయి, లోపల డ్రైవర్ ఉండదు. యేసుదాసును పాలిషింగ్‌నుంచి తీసి, పలకలకు రంగుల వరస చూసే పనిలో వేశారట.

వానలు మొదలయ్యాక శ్రీహరిరావు గారు ఆసుపత్రికొచ్చారు. వినికిడి యంత్రం పేరెత్తగానే అది ముసలాళ్ళు పెట్టుకునేదని లేవబోయారు. అందులో శబ్దం పుట్టించేది మీ చిన్న ఇయర్‌ఫోన్‌లో ఉన్న ఇనుప నాలుకేనని చెప్పాను. కూర్చున్నారు. ఎన్ని కంపెనీలవి ఉన్నాయి, పోల్చి చూడొచ్చా అని అడిగారు. ఆ పూటంతా పోల్చారు. వెనక ఓ.పి. వరస వరండా దాటింది.

చివరికి రెండు జతలకు ఆర్డరు చెప్పారు. యంత్రం బిగుతుగా కూర్చోవడానికి ఎవరి చెవికి వాళ్ళ అచ్చు తీయాలి. ఆయనది తీశాను. రెండో జతకు అచ్చు తీయాల్సిన మనిషి బయట బెంచీ మీద, గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. గుమ్మంలోంచి పేరుపెట్టి పిలిచాను. పలకలేదు. శ్రీహరిరావు గారే లేచి వెళ్ళి, భుజం మీద చెయ్యివేసి లోపలికి తీసుకొచ్చారు.

ఆ తర్వాత నా సర్వీసులో ఒక అలవాటు మిగిలింది. ఫలానా మనిషి పిలిస్తే పలకడం లేదని ఎవరైనా పట్టుకొస్తే, ముందు పట్టుకొచ్చినవారి చెవులు పరీక్షించేదాన్ని. చాలాసార్లు ఆ రోజు రెండు గ్రాఫులు గీయాల్సి వచ్చేది.