కారం మర ముందు ఎర్ర రాళ్లు

మా నాయనకు సత్యవేడు దగ్గర ఇటుక బట్టీ ఉంది. కాల్చిన ప్రతిసారీ విరిగిన ఇటుకలు గుట్టగా మిగులుతాయి. వాటిని మెత్తగా పొడి చేసి సిమెంటు కొంత తగ్గించి దాని బదులు కలపొచ్చని తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు. ఆ గుట్టంతా నా కళ్లకు వాకిట్లో పరిచే రాళ్లలా కనిపించింది. ఏదైనా తోస్తే నాకు అప్పటికప్పుడే కావాలి, అదే నా రోగం.

రోట్లో దంచితే బరకగా వచ్చింది. ఆగలేక ఒక గోతం ముక్కలు స్కూటీ మీద పెట్టుకుని పిండిమరకు పోయాను. అదీ పట్టపగలు, కారం ఆడించుకునే ఆడవాళ్లు వరసలో ఉన్న వేళ. మర నడిపే ఆయన నాకు వరసకు మామ.

"మామా, ఇవి ఆడించియ్యి" అని గోతం మూతి విప్పాను.

ఆయన మొహం పాలిపోయింది. "ఏం పాపా, నా నోట్లో మన్ను కొడతావా? ఈడ ఇటికలు ఆడించినానంటే ఇంక కారానికి ఎవురొస్తారు? తీసకపో."

నేను ఊరుకోవచ్చు కదా. సిమెంటులోకని, కారంలోకి కాదని గొంతు పెంచి వాదించాను. వరసలో ఒకావిడ ఆ ఎర్ర ముక్కల్ని ఎగాదిగా చూసి, తన సంచి తీసుకుని వెళ్లిపోయింది.

వారం తిరక్కుండానే ఆ మరలో కారంలో ఇటుక పొడి కలుపుతున్నారని ఊరంతా పాకింది. "నిప్పు లేంది పొగొస్తాదా" అనుకుంటూ ఆడవాళ్లు పక్క ఊరి మరకు పోసాగారు. మామ నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఖాళీ మర ముందు ఆయన కూర్చుని ఉండటం చూసి ఇంటికొచ్చి ఏడ్చాను.

"ఏడిస్తే ఏమొస్తాది? ఆ రాళ్లేవో చేసి జనానికి సూపించు" అన్నాడు నాయన. రేణిగుంటలో పాత సామాన్ల అంగడి నుంచి ఒక పాత మర తెచ్చి బట్టీలో బిగించాడు.

తొలి పిడికెడు పొడి చేతిలో పడగానే చిన్నపిల్లలా గంతేశాను. మొహానికి రాసుకునే పౌడరంత మెత్తగా ఉంది! నాలుగు పాళ్ల సిమెంటుకు ఒక పాలు పొడి, ఇసుక, చిన్న కంకర కలిపి అచ్చుల్లో పోశాం. నాలుగు వారాలు నీళ్లు పట్టాం. నేను రోజూ పొద్దున్నే పోయి వాటిని తట్టి చూసేదాన్ని. చివరికి నాయన లోడు ట్రాక్టరును వాటి మీద తోలాడు. ఒక్క రాయీ చిట్లలేదు. ఆయన దిగి, వంగి, చేత్తో తడిమి, "సత్తువ ఉండాదే" అన్నాడు. నాకు నేల మీద కాలు నిలవలేదు.

ఆ రాళ్లను మామ మర ముందే, అందరూ చూస్తుండగా, నేనూ నాయనా పరిచాం. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ జరిగింది చెప్పాను. నాలుగో రోజు, అప్పుడు వరసలోంచి వెళ్లిపోయినావిడే వచ్చింది. కాలి బొటనవేలితో రాయిని గీకి చూసింది.

"ఇటిక పొడి దీంట్లోకా పోయింది?"

"దీంట్లోకే అక్కా. తెచ్చింది నేను. మామ దాన్ని మరలో పొయ్యనే లేదు."

ఆవిడ చంకలో సంచి దించి ఎండుమిరపకాయలు మర తొట్టిలో పోసింది.

మామ స్విచ్ దగ్గరికి చెయ్యి చాపి ఆగిపోయాడు. తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

"ఘాటు పాపా" అన్నాడు నాతో.

మర ఇంకా తిరగనే లేదు.