పట్టుపురుగుల ఊళ్లో దోమల తనిఖీ

కొవిడ్ తగ్గిన మరుసటి ఏడాది వానాకాలంలో నన్ను కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం జిల్లా మలేరియా విభాగంలో కీటకశాస్త్ర నిపుణుడిగా వేశారు. రిటైర్మెంటుకు ముందు అదే నా ఆఖరి పోస్టింగు. ఎక్కడ ఏ దోమ పుడుతోంది, ఏది ఇంటి గోడన వాలుతోంది, ఏది పశువుల కొట్టంలో వాలుతోంది అని చూసి, తాలూకాల వారీగా మ్యాపులో గుర్తు పెట్టడం నా పని. పెళ్లిళ్లలో ఎవరైనా ఉద్యోగం సంగతి అడిగితే ఇదే చెప్పేవాణ్ణి. వింటూనే వాళ్లు కాలు గోక్కోవడం మొదలుపెట్టేవారు.

జిల్లాలో మలేరియా తగ్గి చాలా కాలమైంది. దోమ మాత్రం తగ్గలేదు. బాగేపల్లి వైపు వాగుల్లోనూ, చింతామణి వైపు నీళ్లు నిండిన చెరువుల కింద ఊటగుంటల్లోనూ అనాఫిలిస్ హాయిగా కాపురం చేస్తోంది. ఒంట్లో మలేరియా క్రిమి ఉన్న మనిషి ఒక్కడు బస్సు దిగితే, జబ్బు మళ్లీ మొదలవడానికి అది చాలు.

ఆ ఏడు దిగాడు. చింతామణి తాలూకాలో ఒక చిన్న ఊరు, పేరు రాయను. మంజునాథ్ అనే తాపీమేస్త్రీ సముద్రపు ఒడ్డు పట్నంలో కట్టడం పని చేసి, జ్వరంతో ఇల్లు చేరాడు. ఆరోగ్య కేంద్రంలో రక్తం చుక్క గాజుపలక మీద పూసి చూస్తే వైవాక్స్ మలేరియా అని తేలింది. ఇలాంటి కేసు తగిలితే చేయాల్సినవన్నీ ముందే రాసిపెట్టి ఉంటాయి. రోగికి పద్నాలుగు రోజుల మాత్రలు, చుట్టుపక్కల వాళ్లందరికీ రక్తపరీక్ష, దోమల తనిఖీ, అవసరమైతే ఇళ్లలోపల గోడలకు మందు పిచికారీ. ఆ "అవసరమైతే" అన్న మాటను పైవాళ్లు సాధారణంగా చదవరు. మా జిల్లా అధికారి ఆ రోజే పిచికారీకి ఆదేశమిచ్చారు.

వెళ్లిన బృందం పంపులు దించకుండానే తిరిగి వచ్చింది. మంజునాథ్ తల్లి లక్ష్మీదేవమ్మ వాకిట్లో అడ్డంగా నిలబడిందట. ఆమె వెనక ఊరంతా నిలబడిందట. పిచికారీ సంగతి అటుంచి, రక్తపరీక్షకు కూడా ఎవరూ వేలు చాపలేదు. మరునాడు నేను వెళ్లాను.

కారణం వాకిట్లోనే తెలిసింది. అది పట్టుపురుగులు పెంచే ఊరు. పట్టుపురుగుకు ఊజీ ఈగ బద్ధశత్రువు. అది ఒంటి మీద గుడ్డు పెట్టిందంటే ఆ పురుగు పని అయిపోయినట్టే. అందుకే కిటికీలకూ, పురుగులు పెంచే తట్టలకూ నైలాన్ వల కడతారు. అంతకు కొన్ని వారాల ముందు ఎవరో దాతలు ఊళ్లో దోమతెరలు పంచిపోయారు. దారంలోనే దోమలమందు ఇమిడి ఉండే రకం అది. పట్టుపురుగుకు ఆ మందు విషమని ఎవరూ చెప్పలేదు. అల్లిక సన్నంగా ఉంది, ఈగ దూరదు అని లక్ష్మీదేవమ్మ ఆ తెరను మంచానికి కట్టకుండా తట్టల మీద కప్పింది. తెల్లారి చూస్తే పురుగులన్నీ పసరు కక్కుకుని పడి ఉన్నాయి.

"ఒక పంటని మీ తెర తినేసింది సార్" అంది ఆమె. "ఇప్పుడు ఇంకో పంట ఇంట్లో ఉండాది. ఇంకో వారంలో గూడు కడతాయి. గోడలకి ఔషధి కొడితే ఇవి బతుకుతాయా? మీరే చెప్పండప్పా."

బతకవు. ఆ మాటే చెప్పాను. అధికారి నోట ఆ జవాబు వస్తుందని ఆమె అనుకోలేదు. గొంతు తగ్గించి, "మరి మా వానికి జబ్బు తిరగబెడితే యాడికి పోవాల?" అంది. పంట ఎంత ముఖ్యమో కొడుకూ అంతే. ఆ కొడుకేమో అరుగు మీద కూర్చుని, జ్వరం పోయింది గదా, ఇంక మాత్రలెందుకు, పనికి పోతానంటున్నాడు. వైవాక్స్ క్రిమి కాలేయంలో దాక్కుంటుందని, మాత్రలు సగంలో ఆపితే నెలల తర్వాతైనా లేస్తుందని వివరించాను. అతను వింటున్నట్టు తల మాత్రం ఊపాడు.

"ముందు దోమ ఎక్కడుందో చూడనీ తల్లీ, తర్వాత మందు సంగతి మాట్లాడుకుందాం" అన్నాను. పురుగుల గది తలుపు ముట్టకూడదన్న షరతు మీద ఒప్పుకుంది.

మరునాడు తెల్లవారుతూనే మా కీటక సేకర్త, నేను టార్చీలు, గాజు పీల్చుగొట్టాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం. రాత్రి రక్తం తాగిన దోమ పొద్దున గోడన వాలి అరిగించుకుంటూ ఉంటుంది. గొట్టం దాని దగ్గర పెట్టి నోటితో పీలిస్తే లోపలికి వస్తుంది. నోట్లోకి రాదా అని అందరూ అడుగుతారు. రాదు, మధ్యలో గుడ్డ ఉంటుంది. ఇళ్లలో దొరికినవన్నీ క్యూలెక్స్, మలేరియా మోయని జాతి. మలేరియా మోసే అనాఫిలిస్ కులిసిఫేసిస్ ఊరవతల పశువుల కొట్టాల్లో దండిగా ఉంది. దాని పిల్లలు చెరువు తూము కింద ఊటగుంటల్లో, నీటిమీద అడ్డంగా పడుకుని ఉన్నాయి. మంజునాథ్ ఇల్లు వాటికి దూరంగా, ఊరికి ఇటు చివర. కొట్టంలో ఉన్న దోమ కోసం ఇళ్లన్నిటికీ మందు కొట్టడం ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

పిచికారీ అక్కర్లేదని రాసి సంతకం పెట్టాను. దాని బదులు గుంటల నీళ్లు కాలువలోకి తీసి ఎండగట్టాలి, బావుల్లో దోమపిల్లల్ని తినే గాంబూసియా చేపలు వదలాలి, రోగి మందు లేని మామూలు తెరలో పడుకోవాలి. జిల్లా అధికారి ఫోన్ చేసి, రెండో కేసు వస్తే బాధ్యత నాదేనన్నారు. నాదేనన్నాను. ఆ రాత్రి నాకు నిద్ర బాగానే పట్టింది. దోమ జాడ తెలియనివాడికే పిచికారీ ధైర్యమిస్తుంది.

ఊళ్లో మా షరతులు చెప్పాను. మందు కొట్టం, కానీ అందరూ రక్తం ఇవ్వాలి, ఇంటికొకరు పార పట్టి గుంటల దగ్గరికి రావాలి, మంజునాథ్ మాత్రలన్నీ మింగాలి. లక్ష్మీదేవమ్మ మొదటి వేలు తనే చాపింది. వేలు తుడుచుకుంటూ కొడుకు వైపు తిరిగి, "మాత్రలయ్యేదాకా ఊరు దాటినావంటే చూడు. పురుగులకి ఆకు వేస్తా ఇంట్లోనే పడుండు" అంది. నేను గంటసేపు చెప్పిన కాలేయం కథ కన్నా ఆ ఒక్క మాటే పనిచేసింది.

రక్తపరీక్షల్లో ఇంకెవరికీ మలేరియా లేదు. తర్వాత మళ్లీ తీసిన వాటిలోనూ లేదు. పురుగులు గూళ్లు కట్టాయి. సంతోషం పట్టలేక ఆ రోజు నేనూ వెళ్లి చూశాను, గది గుమ్మం బయట నిలబడి.

మరుసటి వానాకాలం ఆమె ఫోన్ చేసింది. "సార్, పక్క తోటకి కూలికి వచ్చిండే ఆమెకి చలిజ్వరం. మీకు చెప్పల్లనిపించింది." ఆరోగ్య కేంద్రానికి ఆ సంగతి అప్పటికి తెలియదు. పరీక్ష చేస్తే మలేరియానే. జబ్బు ఆ ఒక్క మనిషి దగ్గరే ఆగిపోయింది.

దోమ ఎక్కడుందో మేం వెతికి పట్టగలం. జ్వరం ఎక్కడుందో ఊరు చెబితేనే తెలుస్తుంది. ఆ ఏడు గోడలకు మందు కొట్టి ఉంటే కొన్ని దోమలు చచ్చేవి, ఆ ఫోన్ మాత్రం వచ్చేది కాదు.