పోగు తెగుతదన్న వదిన

నా మాటల్లో సగం తీసేసి నమ్మండి. మా ఇంట్లో అలాగే నమ్ముతారు.

గద్వాలలో మా వదిన పొద్దంతా అన్నయ్య మగ్గానికి నూలు కండెలు చుడుతుంది. ఆమె రాట్నం చప్పుడు వనపర్తిలో ఉన్న నాకు వినబడుతుంది. పుస్తకం పట్టుకోవడానికి ఆమెకు చేయి ఖాళీ ఉండదు గనుక, పోయిన ఉగాదికి వెళ్లినప్పుడు నేనే ఒక నవల చదివి వినిపించాను. కథలో చంటిబిడ్డ తల్లికి కష్టం రాబోతే చాలు, "జర ఆగు మరిదీ, పోగు తెగుతది" అనేది. పోగు ఎన్నడూ తెగలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, "ఆఁ, ఇప్పుడు చదువు" అనేది.

పండగ ముందు రోజు మధ్యాహ్నం, వేపపూత గాలికి నాకు కళ్లు మూతలు పడుతుంటే, ఆ తల్లి జ్వరంతో పోయింది. పుస్తకం మూసేశాను.

రాట్నం ఆగింది.

"మరి గా పసిదాన్ని ఎవరు సాకుతరు?"

"తెల్వదు వదినా. కథ అయిపోయింది."

"గిదేం కథనయ్యా. రాసినోనికి పిల్లలు లేరా ఏంది?"

నేను చాప మీద ఒరిగి కళ్లు మూసుకున్నాను. మర్నాడు ఆమె భక్ష్యం ముక్క కూడా ముట్టలేదు. ఇప్పుడు ఫోన్‌లో ఇంకో పుస్తకం చదవనా అంటే, "వద్దయ్యా, గా పిల్లనే యాదికొస్తది" అంటుంది.

నిజానికి భక్ష్యాలు రెండు తిన్నది. ఆ తల్లి చావు కూడా నా కల్పనే. కునుకు కోసం నేను వదిలేసిన వంద పేజీల్లోనూ ఆమె బిడ్డను చంకనేసుకుని తిరుగుతూనే ఉంది. వదినకింకా చెప్పలేదు.