సూది వేయని ఆరు వారాలు

ఆ పొద్దున జమ్ములమ్మ చేతుల వాపు దానంతట అదే దిగిందా, ముందురోజు ఆమె గుట్టుగా సూది వేయించుకుందా? ఇన్నేళ్లయినా ఎస్తేరమ్మకు జవాబు దొరకలేదు. చెప్పాల్సిన మనిషి మళ్లీ ఆ ఊరికి రాలేదు. బల్మూరులో తల్లిగారింటి దగ్గరే ఉండిపోయిందని, పెనిమిటి మాసయ్య కూడా అక్కడికే పోయాడని తర్వాత తెలిసింది. అంతే.

గద్వాల వైపు, గట్టు మండలంలోని ఒక పల్లెలో ఇద్దరివీ ఎదురెదురు ఇళ్లు. వరస కలుపుకొని జమ్ములమ్మ ఆమెను వదినా అనేది. ఎస్తేరమ్మది చర్చి, జమ్ములమ్మది తనకు పేరిచ్చిన గద్వాల దేవత జాతర. పనికి మాత్రం ఇద్దరూ ఒకే చేనికి. విత్తనపత్తిలో క్రాసింగ్ పని అది. రేపు విచ్చబోయే మొగ్గను సాయంత్రం బొటనవేలి గోరుతో గిల్లి, రేకులూ పుప్పొడి కాడలూ ఒలిచేయాలి. తెల్లారి మగపువ్వు తెచ్చి దానికి అద్దాలి. లోపలి కాడ నలిగిందా, కాయ లేదు. జమ్ములమ్మ గోటికి మొగ్గ నలిగిందని ఎవరూ అనగా వినలేదు.

రెండువేల ఆరులో చికున్‌గున్యా వచ్చి ఊరంతా మంచాన పడింది. నెలకో రెణ్ణెల్లకో అందరూ లేచారు. జమ్ములమ్మ మాత్రం లేచీ లేవనట్టే ఉండిపోయింది. పొద్దున వేళ్లు ముడవడానికి రావు, మధ్యాహ్నానికి కాస్త సాగుతాయి. చెంపల మీద ఎరుపు ఒకరోజు కనిపిస్తే నాలుగురోజులు కనిపించదు.

"పని కాడ నొప్పులు, బువ్వ కాడ మంచిగుంటయి. బలే నొప్పులు తల్లీ!" అని చేలో ఆడవాళ్లు నవ్వేవారు.

"ఊరందరికి పోయిన నొప్పి నీకెందుకు పోతలేదే?" అన్నాడు మాసయ్య. ఎగతాళి కాదు, తెలియకే అడిగాడు. ఆమెకు మాత్రం ఏం తెలుసు?

నమ్మింది ఎస్తేరమ్మ ఒక్కతే. గద్వాలకు తోడు వెళ్లింది, వనపర్తికి వెళ్లింది. బస్సు దాకా నడవాలి కదా అని, వెళ్లే ముందురోజు ప్రతిసారీ ఊరి ఆర్ఎంపీ దగ్గర తనే ఆమెకు నొప్పుల సూది వేయించేది. తెల్లారేసరికి జమ్ములమ్మ గాజులు తొడుక్కొని, నున్నగా దువ్వుకొని, పెండ్లికి పోయే మనిషిలా తయారయ్యేది. గద్వాల డాక్టరు వేళ్లు నొక్కి చూసి, "వాపేదమ్మా?" అన్నాడు.

"నిన్న ఉండె సారూ."

వనపర్తిలోనూ అదే ప్రశ్న, అదే జవాబు.

మూడోసారికి కర్నూలు పోయారు. అక్కడి డాక్టరమ్మ చేతులు చూసి, చెంపలు చూసి, "వచ్చే ముందు సూది ఏమన్నా వేయించుకున్నావా?" అని అడిగింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "నడవనీకె ఏయించినమమ్మా," అంది ఎస్తేరమ్మ.

"ఆ సూది వాపును దాచేస్తుంది. ఇంక నాకేం కనపడుతుంది? ఒంటిని కాపాడాల్సిన బలమే ఒంటి మీద తిరగబడే జబ్బులు కొన్ని ఉన్నాయి. నీది అదే కావచ్చు, కాకపోనూ వచ్చు. ఆరు వారాలు సూది లేకుండా ఉండి రా. అప్పుడు రక్తం చూద్దాం."

తిరుగు బస్సులో జమ్ములమ్మ అడిగింది. "నా బలమే నన్ను కొడుతుందా వదినా?"

"గట్లనే అన్నది."

"నేనేం జేసిన దానికి?"



ఆ ఆరు వారాలూ క్రాసింగ్ నడిమధ్యే పడ్డాయి. జమ్ములమ్మ చేనికి పోలేదు. ఎస్తేరమ్మ పనికి పోయే ముందు వచ్చి ఆమె రవిక హుక్కులు పెట్టేది, జడ వేసేది, చెంబు పట్టరాకపోతే మొహం కడిగేది.

"చంటిపిల్లనైతి గద వదినా."

"రేపు ఉయ్యాల గూడ కడ్తలే. కదలకు."

ఐదో వారానికి వేళ్లు ఉబ్బి నిగనిగలాడాయి. ఆ వాపు చూసి ఎస్తేరమ్మకు పైకి చెప్పరాని సంతోషం. ఈసారి డాక్టరమ్మకు చూపించడానికి ఉంది.

కర్నూలు పోయే పొద్దున ఎస్తేరమ్మ వచ్చేసరికి జమ్ములమ్మ గడప మీద కూర్చొని ఉంది. జడ తానే వేసుకుంది. చేతికి గాజులున్నాయి. వేళ్లు మునుపటిలా సన్నగా ఉన్నాయి.

"ఏందే ఇది?"

"తెల్వదు వదినా. లేసి చూస్తె వాపు లేదు."

"సూది ఏయించుకున్నవా?"

"లేదు."

ఇద్దరూ గద్వాల దాకా వచ్చారు. బస్టాండులో కర్నూలు బస్సు కోసం నిలబడ్డప్పుడు ఎస్తేరమ్మ ఆగలేకపోయింది. "తిట్టనే. నిజం జెప్పు. ఏయించుకున్నవ్ గద?"

జమ్ములమ్మ చేతులు రెండూ కొంగులో దాచుకుంది. "దూప అయితుంది," అని నీళ్ల నల్లా వైపు నడిచింది.

కర్నూలు బస్సు వచ్చింది. నల్లా దగ్గర ఎవరూ లేరు.

"పచ్చ చీరామెనా? వనపర్తి బస్సు ఎక్కె," అంది, అడిగితే, పల్లీలమ్మే ముసలామె. బల్మూరుకు పోయేది ఆ దారినే.

ఉప్పు కోసం ఎదురింటికొచ్చినా "పోయొస్త వదినా" అనకుండా గడప దాటే మనిషి కాదు జమ్ములమ్మ. ఆమె దవాఖాన కాగితాల సంచి ఎస్తేరమ్మ చేతిలోనే ఉంది.